చెంచయ్య వేలు

రోగం రాకముందే ఆసుపత్రికి రావాలని సర్కారు వారు చెప్పినప్పుడు మా ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. సర్కారు చాలా చెబుతుంది. ఏడాదికి ఒకసారి పరీక్ష అన్నారు. వ్యాను వచ్చింది. రక్తం తీశారు, బరువు తూశారు, నాలుక చాపమన్నారు. చాపాం. కొందరు అవసరమైన దానికన్నా ఎక్కువసేపు చాపారు. వ్యాను వెళ్లిపోయింది.

మరుసటి ఏడు జిల్లాకు కొత్త అధికారి వచ్చాడు. ముందస్తు ఆరోగ్య పరిరక్షణాధికారి అని ఆయన హోదా. ఆ పేరు పూర్తిగా పలికేలోపు ముసలివాళ్లకు ఆయాసం వచ్చేది. ఆయన లెక్కలు బాగా చదివినవాడు. ఏడాదికి ఒకసారి పరీక్ష చేస్తే ఇంత మేలు జరిగినప్పుడు, ఆరు నెలలకోసారి చేస్తే దానికి రెట్టింపు జరగాలి కదా అన్నాడు. కాదనగలిగిన వాడు ఆఫీసులో లేడు. ఆరు నెలలు మూడు నెలలయింది, మూడు నెలలు నెల అయింది. పక్క జిల్లావాళ్లు కూడా నెలకే చేస్తున్నారని తెలిసి ఈయన వారానికి మార్చాడు. రోజూ చేయించాలని ఉందట గానీ వ్యానుకు డీజిలు చాలలేదట.

మనిషికో ఆరోగ్య కార్డు ఇచ్చారు. ప్రతి సోమవారం ఊరంతా రక్తం ఇవ్వాలి. ఇవ్వని వాళ్లకు రేషను ఆగుతుంది, పింఛను ఆగుతుంది. రక్తంలో ఏదైనా తేడా వస్తే రోజు విడిచి రోజు మండలానికి పోయి మళ్లీ ఇవ్వాలి.

ఇంతమంది ఆరోగ్యవంతులను చూడవలసి రావడంతో మండలంలో ఆరోగ్య కేంద్రం వాళ్లకు రోగులను చూసే తీరిక లేకపోయింది. గేటుకు బోర్డు కట్టారు: ఈ కేంద్రము ఆరోగ్యవంతులకు మాత్రమే. జ్వరంతో ఎవరైనా వెళితే కాంపౌండరు బయటే ఆపి, లోపల ఆరోగ్యవంతులు కూర్చుని ఉన్నారయ్యా, దగ్గవద్దు అని బతిమాలేవాడు. నిజంగా జబ్బు చేసిన వాడు పెద్దాసుపత్రికి పోవాలంటే అధికారిగారి ఉత్తరం ఉండాలి. సోమవారం రిపోర్టు చెడ్డగా ఉంటేనే ఆయన ఉత్తరం ఇస్తాడు. కాబట్టి జబ్బు చేయాలన్నా సోమవారమే చేయాలి.

మాది పొగాకు ఊరు. ఆకును వేడికి ఆరబెట్టే గదిని బేరన్ అంటాం. పచ్చాకు కర్రలకు కట్టి బేరన్‌లోకి ఎక్కించి కింద నిప్పు పెడతాం. నిప్పు పెట్టాక మనిషి అక్కడే ఉండాలి. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే మురుగుతుంది. ఏడాది చాకిరీ అంతా ఆ గదిలో వేలాడుతూ ఉంటే, దాన్ని వదిలేసి వ్యాను ముందు వరసలో నిలబడడానికి పిచ్చివాడు కూడా పోడు.

మా ఊరికి వంతులు అలవాటు. కాలవ నీళ్లకు వంతు, గొడ్లు తోలుకుపోవడానికి వంతు, బేరన్ దగ్గర మేలుకోవడానికి వంతు. ఒకడు పోతే అందరూ పోయినట్టే లెక్క. సర్పంచి పేరయ్య నలుగురినీ కూర్చోబెట్టి రక్తానికి కూడా వంతు పెట్టుకుందామన్నాడు. అందరం సరేనన్నాం. వ్యానులో వచ్చి రక్తం తీసే దానియేలు మొదట భయపడ్డాడు. చెడ్డవాడు కాదు. సాయంత్రానికి ఊరందరి రక్తం చూపించకపోతే అతని జీతం ఆపుతారు. కార్డు గీస్తే పేరు వస్తుంది, వేలు ఎవరిదని యంత్రం అడగదు. అతను కూడా కాసేపు ఆలోచించి సరేనన్నాడు.

మొదటి వంతు పెద్దరికం కొద్దీ పేరయ్యే తీసుకున్నాడు. పేరయ్యకు అప్పుడే కొత్తగా షుగరు మొదలైందని పేరయ్యకే తెలియదు. మరుసటి వారానికి ఊళ్లో చంటిపిల్లలతో సహా అందరికీ షుగరు వచ్చింది. అధికారులు వచ్చి ఉపన్యాసాలు ఇచ్చారు. పొద్దున్నుంచి మాపటిదాకా పొలంలో తిరిగే మనుషులను, రోజుకో గంట నడవండి అని ఆజ్ఞాపించారు. ఒక జీపు వెనక నడిపించారు కూడా.

అప్పుడు తెలిసొచ్చింది, రక్తం విషయంలో వంతులు పనికిరావని. ఊళ్లో అందరికన్నా గట్టి మనిషెవరని వెతికితే చెంచయ్య దొరికాడు. గొడ్లు కాస్తాడు. పెళ్లి కాలేదు. రాగిసంగటి ఉల్లిపాయతో నంజుకు తిని ఎండలో పడుకుంటాడు. తుమ్మగా విన్నవాళ్లు లేరు. చెంచయ్య ఏ సర్కారు పనికీ ఇంతవరకు పనికిరాలేదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు.

ఆ సోమవారం నుంచి చెంచయ్య స్టూలు మీద కూర్చుని వేలు చాపేవాడు. దానియేలు ఒక్కో కార్డు గీయడం, ఒక్కో చుక్క పిండడం. ఒక వేలు ఎండిపోతే మరో వేలు. మధ్యాహ్నానికి మా ఊరు ఉక్కులాగా తయారయ్యేది. ముసలి ముత్తయిదువల రక్తంలో, కడుపుతో ఉన్న ఆడవాళ్ల రక్తంలో, ఒకటే బలం, ఒకటే చురుకు. బదులుగా ఊరివాళ్లు చెంచయ్యకు ఇంటికో పూట అన్నం పెట్టేవాళ్లు. మొదట్లో అతనికి బాగానే ఉంది.

తరువాత ఊరు అతని మీద పడింది. రక్తపోటు అన్నాక అదీ రక్తంలోనే ఉంటుందని మా లెక్క. చెంచయ్యకు బీపీ వస్తే అందరికీ బీపీ వస్తుంది. అందుకని బీడీ మాన్పించారు. కల్లు మాన్పించారు. సారా కొట్టు వైపు పోతే వెనక ఒక మనిషిని పెట్టారు. బెల్లం ముక్క నోట్లో వేసుకోబోతే పిల్లలు అరిచి చెప్పేవాళ్లు. ఎవరో సంబంధం తెస్తే దాని మీద పంచాయితీ జరిగింది. పెళ్లి చేసుకుంటే బీపీ ఖాయమని పేరయ్య సొంత అనుభవం మీద చెప్పాడు. సంబంధం వెనక్కి పంపారు.

"ఊరందరి ఆరోగ్యం నా నెత్తిన పెట్టి నాకు బీడీ లేకుండా చేశారు గదన్నా," అన్నాడు చెంచయ్య నాతో ఒకరోజు. "నా ఒంట్లో నాకే వాటా లేదు."

ఈ రిపోర్టులన్నీ జిల్లా ఆఫీసులో చూసి అధికారిగారు ఉబ్బిపోయాడు. ఒక ఊళ్లో అందరి రక్తమూ చుక్క తేడా లేకుండా ఒకటే రావడం ఎక్కడైనా అనుమానించవలసిన సంగతి. ఆయన అనుమానించలేదు. స్వయంగా వచ్చి మైకు పట్టుకున్నాడు. ధనిక, పేద, స్త్రీ, పురుష, బాల, వృద్ధ భేదాలను అధిగమించి ఆరోగ్య సమానత్వాన్ని సాధించిన తొలి గ్రామంగా మమ్మల్ని ప్రకటించాడు. శాఖాపరమైన నిరంతర పర్యవేక్షణ వల్లనే ఇది సాధ్యపడిందన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. చెంచయ్య కొట్టలేదు, వేళ్లు నొప్పిగా ఉన్నాయి. అవార్డు వస్తుందని, దాంతోపాటు ఊరికి తారు రోడ్డు వస్తుందని అధికారిగారు పేరయ్య చెవిలో చెప్పి వెళ్లాడు.

ఆ ఏడు ఆకు కోతల్లో మా వెంగమ్మకు కడుపులో నొప్పి మొదలయింది.

వెంగమ్మ నా భార్య. నొప్పి అని చెప్పే మనిషి కాదు. ఆకు కడుతూ కడుతూ ఆగి, కాసేపు ఊపిరి బిగబట్టి, మళ్లీ కట్టేది. అన్నం తగ్గింది. జాకెట్టు వదులైంది. మండలానికి తీసుకుపోయాను. కాంపౌండరు బయటే ఆపి కార్డు తీసుకున్నాడు. లోపలికి పోయి వచ్చి, ఈమెకేమీ లేదు, రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది అన్నాడు.

వెంగమ్మ మెట్టు మీద కూర్చుని విన్నది. "నా రక్తం బాగుందంటనా," అంది. "అయితే ఈ నొప్పి ఎవరిదంట?"

టౌనులో ప్రైవేటు డాక్టరుకు చూపించాను. ఆయన స్కానింగు తీయించి, గడ్డ ఉంది, ఆపరేషను చేయాలి, పెద్దాసుపత్రికి పొండి, ఆలస్యం చేయవద్దు అన్నాడు. అక్కడ కార్డు మీద ఉచితంగా చేస్తారు గానీ అధికారిగారి ఉత్తరం ఉండాలన్నాడు. ఉత్తరం లేకుండానే వెళ్లి చూశాం. గేటు దగ్గరివాడు కార్డు గీసి, యంత్రంలోకి చూసి, వెంగమ్మ వైపు చూసి నవ్వాడు. ఇంత ఆరోగ్యం నాకు కూడా లేదమ్మా అన్నాడు.

జిల్లా ఆఫీసుకు పోయాం. అధికారిగారు మర్యాదగానే కూర్చోమన్నాడు. వెంగమ్మ రిపోర్టులన్నీ తెప్పించుకుని కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఈమె ఆరోగ్య స్థితి జిల్లాలోనే ఉత్తమ శ్రేణిలో నమోదై ఉంది. ఒక్క వారం కూడా గైర్హాజరు లేదు. ఇటువంటి వ్యక్తికి చికిత్స సిఫార్సు చేయుట నిబంధనలకు విరుద్ధం."

స్కానింగు బొమ్మ బల్ల మీద పెట్టాను. ప్రైవేటు కాగితాలు పరిగణనలోకి రావన్నాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాను.

"అయ్యా, ఆ రక్తం ఈమెది కాదు. మా ఊళ్లో చెంచయ్యని ఒకడున్నాడు, వాడిది. ఊరందరిదీ వాడిదే."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"రక్తం ఎవరిదనేది మా పరిధిలోకి రాదు. కార్డు ఎవరిదనేది ముఖ్యం. ఆరోగ్య సమానత్వం సాధించిన గ్రామం గురించి ఇటువంటి మాటలు మళ్లీ అనవద్దు."

సోమవారం వెంగమ్మను నేనే స్టూలు మీద కూర్చోబెట్టాను. చెంచయ్య లేచి పక్కన నిలబడ్డాడు. దానియేలు ఆమె వేలు పొడిచి ఆమె రక్తమే ఎక్కించాడు. యంత్రం ఎర్రదీపం వేసి మొత్తుకుంది. మూడోనాడు అధికారిగారి నుంచి కబురు. గత ఫలితాలతో ఈ రక్తానికి పొంతన లేదట. ఎవరిదో రోగిష్టి రక్తం తెచ్చి భార్య పేరున ఎక్కించి, ఉచిత ఆపరేషను పొందాలని నేను కుట్ర పన్నానట. మళ్లీ ఇలా చేస్తే కేసు పెడతారట. వచ్చే సోమవారం ఆమె అసలు రక్తం సమర్పించాలట.

వచ్చే సోమవారం ఆమె పేరు మీద చెంచయ్య వేలు చాపాడు. దీపం పచ్చగా వెలిగింది.

పేరయ్య దగ్గరికి పోయాను. అధికారిగారి ముందు నిలబడి ఊరు మొత్తం నిజం చెబితే ఉత్తరం ఇవ్వక తప్పదని నా ఆశ. పేరయ్య తల గోక్కున్నాడు. వెంగమ్మక్క అంటే నాకు మాత్రం అభిమానం లేదా అన్నాడు. అవార్డు అయిపోనీ, రోడ్డు పడనీ, తరువాత అందరం కలిసే పోదాం అన్నాడు. ఆ నొప్పికి వాము నీళ్లు బాగా పనిచేస్తాయి అని కూడా అన్నాడు. లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం చెంచయ్య మా బేరన్ దగ్గరికి వచ్చాడు. వెంగమ్మ గోడకు ఆనుకుని మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఉంది. చెంచయ్య ఆమెను చూసి నా పక్కన చతికిలపడ్డాడు.

"వదిన రక్తం వాళ్లకు అక్కర్లేదు. నా రక్తమే కావాల. అంతే గదా?"

"అంతే."

"అయితే రోగం నేనే తెచ్చుకుంటా. ఉత్తరం అదే వస్తది."

వెంగమ్మ కళ్లు తెరిచింది. "నువ్వు చెడిపోబాకు చెంచయ్యా. ఊరంతా నీ మీద బతకతా ఉంది."

"ఈ ఊరు బతికింది చాల్లే వదినా."

అంత మనస్ఫూర్తిగా చెంచయ్య ఏ పనీ చేయగా నేను చూడలేదు. కాపలా మనిషికి కూడా తాగించి సారా కొట్టులో కూర్చున్నాడు. బీడీ ఆరకుండా పీల్చాడు. బెల్లం అచ్చు చంకన పెట్టుకుని కొరుక్కుంటూ తిరిగాడు. బీపీ కోసం దొరికిన వాళ్లందరితో తగవు పెట్టుకున్నాడు. వెనక్కి పంపిన సంబంధం సంగతి తీసి పేరయ్యను బజారులో నిలబెట్టి తిట్టాడు. అది బీపీ కోసం కాదనుకుంటాను.

సోమవారం యంత్రం పిచ్చెక్కినట్టు కూసింది. కార్డు తరువాత కార్డు, ఒకటే ఎరుపు. జిల్లాలోకెల్లా ఆరోగ్యమైన ఊరు ఒక్క పూటలో కూలిపోయింది. మధ్యాహ్నానికి అంబులెన్సులు వచ్చాయి. అవి చాలక స్కూలు బస్సులు, చేపల లారీ ఒకటి వచ్చాయి. ముక్కుకు గుడ్డలు కట్టుకున్న మనుషులు దిగి, చేలో ఉన్నవాళ్లను చేలో, చెట్టు మీద ఉన్నవాళ్లను చెట్టు మీద పట్టుకున్నారు. మాకేమీ లేదని ఎంత మొత్తుకున్నా, రిపోర్టు ముందు మనిషి మాట చెల్లదు. బేరన్లలో నిప్పులు అట్లాగే వదిలి లారీ ఎక్కారు. అధికారిగారు టీవీ వాళ్ల ముందు దీనికి ఆకస్మిక సామూహిక అస్వస్థత అని పేరు పెట్టాడు. వారానికి ఒకసారి పరీక్ష చేయడం వల్లనే కనిపెట్టగలిగామని, రోజూ చేసి ఉంటే ఆదివారమే కనిపెట్టేవాళ్లమని చెప్పాడు.

వెంగమ్మను నేనే ఎత్తి అంబులెన్సులో పడుకోబెట్టాను. చాలా తేలికగా ఉంది.

"ఎట్టయితేనేం," అంది. "ఊరందరికీ తెగులు తెప్పించి నన్ను బండెక్కించావు."

పెద్దాసుపత్రిలో ఊరంతటికీ మంచాలు పరిచారు. తెల్లకోట్ల వాళ్లు ఒక బల్ల వేసుకుని, రక్తం మళ్లీ తీస్తాం, ఒక్కొక్కరే రండి అని పిలిచారు. ఇక్కడ మావాళ్లు చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు దురద పెడతాయి. సొంత వేలు చాపితే, ఏ రోగమూ లేదని తేలి వాళ్లు ఇంటికి పోయేవాళ్లు, వెంగమ్మ రోగం వెంగమ్మ పేరున మిగిలేది. ఆ మాట ఎవరికీ తట్టలేదు. రక్తం అనగానే ఊరంతా తిరిగి చెంచయ్య వైపు చూసింది. అలవాటు. ఎవరో వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశారు. అతను అలవాటు కొద్దీ స్టూలు మీద కూర్చున్నాడు. అంతమంది పేర్లకు వేలు పొడుస్తున్న కుర్ర డాక్టర్లు తలెత్తి చూస్తే కదా. అప్పటికి రెండు రోజులుగా సెలైను ఎక్కించి, పథ్యం పెట్టి, కంటినిండా నిద్రపోనిచ్చారేమో, చెంచయ్య మళ్లీ చెంచయ్య అయ్యాడు. రక్తం ఉక్కు. వెంగమ్మతో సహా ఊరు మొత్తం నయమైపోయింది.

నేను వెంగమ్మ మంచం దగ్గరే ఉన్నాను. ఒక పెద్దావిడ డాక్టరమ్మ అటుగా పోతూ ఆగింది. కార్డు అడగలేదు. చీర కొంగు పక్కకు జరిపి కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కి చూసింది. ఇన్ని సోమవారాలలో వెంగమ్మ మీద చెయ్యి వేసి చూసిన మొదటి సర్కారు మనిషి ఆమె. చాలాసేపు చెయ్యి తీయలేదు. స్కానింగుకు పంపించింది. సాయంత్రం ఆ బొమ్మ పట్టుకుని నన్ను వరండాలోకి పిలిచింది.

"ఎంతకాలం నుంచి ఉందయ్యా ఇది? లివరుకు కూడా పాకింది. ముందే వచ్చి చూపించుకోవద్దా?"

"వచ్చాం తల్లీ," అన్నాను. "వారం వారం వచ్చాం."

ఆమెకు అర్థం కాలేదు. ఇప్పుడు కత్తి పెట్టి లాభం లేదు, నొప్పి తెలియకుండా మందు రాసిస్తాను, ఇక్కడే ఉంచండి అంది. ఉంచడానికి వీలుపడలేదు. రెండు రోజుల్లో ఊరంతా కోలుకున్న సందర్భంగా అధికారిగారు సభ పెట్టుకున్నాడు. మంచం మీద ఒక్కరు మిగిలినా శత శాతం అనడానికి వీలు లేదు. డాక్టరమ్మ ఆయనతో గట్టిగానే వాదించింది. ఆమెకు బదిలీ ఆర్డరు మరుసటి వారం వచ్చిందని విన్నాను. మేము మందు బిళ్లలు కొంగున కట్టుకుని చేపల లారీలో ఇంటికి వచ్చాం.

ఊళ్లో ఆకంతా మాడిపోయి ఉంది. అందరూ చెంచయ్యను తిట్టారు. వెంగమ్మ ఒక్కతే తిట్టలేదు. పొద్దుపోయాక అతన్ని పిలిచి, మంచం కింద దాచి ఉంచిన నా బీడీ కట్ట తీసి ఇచ్చింది. "ఇంక నీ ఒంట్లో నీకు వాటా వచ్చింది. తాగు," అంది.

కొత్త నారుకు నీళ్లు పెట్టే రోజుల్లో వెంగమ్మ పోయింది.

తరువాత కొన్నాళ్లకు మా ఇంటి ముందు జీపు ఆగింది. అధికారిగారు దిగాడు. వెనక శాలువ పట్టుకుని ఒకడు, పటం కట్టిన ప్రశంసాపత్రం పట్టుకుని ఒకడు, కెమెరాతో ఒకడు. ఒక్క వారం కూడా తప్పకుండా పరీక్షలకు హాజరై, సంపూర్ణ ఆరోగ్యం కాపాడుకున్న మహిళగా జిల్లా మొత్తం మీద వెంగమ్మను ఎంపిక చేశారట. ఆమెను పిలవమన్నాడు.

గోడ మీద ఫొటో చూపించాను. దానికి దండ ఉంది. కింద దీపం ఉంది.

వాళ్లు వాకిట్లోకి పోయి గుసగుసలాడుకున్నారు. పత్రం మీద పేరు అచ్చయిపోయింది, మార్చడానికి వీలు లేదు. అధికారిగారు తిరిగి లోపలికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మా రికార్డుల ప్రకారం ఆమె తుదివరకు ఆరోగ్యంగానే ఉన్నారు. అది మా శాఖకు గర్వకారణం. మరణములు మా పరిధిలోనివి కావు, పంచాయతీవి."

శాలువ ఫొటోకు కప్పారు. ఫొటో తీసుకున్నారు. ఫొటోకు ఫొటో. నన్ను కాస్త నవ్వమన్నాడు కెమెరావాడు.

ఆ సోమవారం వ్యాను వచ్చింది. చెంచయ్య స్టూలు మీద కూర్చున్నాడు. ఎంత తిట్టినా ఊరికి ఇంకొక వేలు దొరకలేదు. దానియేలు ఒక్కో కార్డూ గీసి వెంగమ్మ పేరు దాకా వచ్చాడు. తీసేయాలంటే పైనుంచి ఆర్డరు రావాలట, వచ్చేదాకా ఒక చుక్క ఇమ్మన్నాడు. ఎప్పటినుంచో ఆ పేరు మీద చెంచయ్యే వేలు చాపుతున్నాడు. ఆమె పోయాక కూడా వారం వారం చాపాడు, వద్దనే ఓపిక నాకు లేకపోయింది. ఇప్పుడు అతను నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. చెంచయ్య చెయ్యి వెనక్కి తీసుకుని తువ్వాలు కింద పెట్టుకున్నాడు.

పది రోజులు తిరక్కుండా వెంగమ్మ పేరున నోటీసు వచ్చింది. నిర్ణీత పరీక్షకు మీరు గైర్హాజరైనారు. ఆరోగ్యము పట్ల మీరు చూపుచున్న నిర్లక్ష్యము విచారకరము. ఇకమీదట మీకు ఏమి జరిగినను ఈ శాఖ బాధ్యత వహించదు.

ప్రశంసాపత్రం తీసి పొయ్యిలో పెట్టాను. నోటీసును ఆమె ఫొటో పక్కన గోడకు కొట్టాను. సర్కారు మా ఇంటికి పంపిన కాగితాలన్నిటిలో నిజం రాసింది అదొక్కటే.